అనంతగిరి మలుపు, నా పోలో సస్పెన్షన్

ఎస్.కోట మీదుగా అరకు ఎక్కేటప్పుడు, డముకు దాటాక అనంతగిరికి ముందు ఒక ఎడమ మలుపు వస్తుంది. మలుపు మధ్యలో తారు కాస్త కుంగి ఉంటుంది, కంటికి ఆనదు, చక్రానికి మాత్రం తెలుస్తుంది. రెండేళ్ల కిందట, వానలు తగ్గాక, కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున్న నా ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు ముందు కుడి చక్రం ఆ కుంగులోకి దిగింది. ధబ్‌మని ఒక చప్పుడు. మరుక్షణం స్టీరింగ్ చేతిలో తేలిపోయింది, బండి ముక్కు నేను తిప్పిన వైపు రాకుండా మధ్య గీత దాటి అవతలికి జారింది. స్పీడు నలభై ఐదు లోపే. ఎదురుగా బస్సో లారీనో వచ్చుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవాలనిపించదు. పక్క సీట్లో మా బావ ఉన్నాడు. అనంతగిరి దాకా నోరు విప్పలేదు. అక్కడ టీ తాగుతూ మాత్రం అన్నాడు, "ఏటి బావా, అంత డబ్బెట్టి చేయించావు, మునుపే బాగుండేది కదేటి."

నిజమే అన్నాడు. మునుపే బాగుండేది.

నాది 2015 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను, 105 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, అప్పటికే 58 వేల కిలోమీటర్లు తిరిగింది. నాలుగు తలుపుల హ్యాచ్‌బ్యాక్‌ని స్పోర్ట్స్ కారు అంటే ఒప్పుకోనివాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు వాదన లేదు. విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి లోను కట్టుకుంటూ, పొద్దున్నే లేచి ఘాట్ రోడ్డుకి వెళ్లి స్టీరింగ్ తిప్పితే మనసు నిండే బండి నాకు ఇదే. అందుకే ఇంకా పదునుగా తిరగాలని ఆశపడ్డాను. పదును అంటే నా ఉద్దేశం ఇది: చెయ్యి ఎంత తిప్పితే ముక్కు అంత తిరగాలి, ఆలస్యం కాకూడదు, ఎక్కువ తక్కువలు ఉండకూడదు.

ఆ ఆశతో చేసిన మొదటి పని లోయరింగ్ స్ప్రింగులు వేయించడం. 35 మిల్లీమీటర్లు కిందకి, కంపెనీ స్ప్రింగుల కంటే దాదాపు 30 శాతం గట్టివి. షాకబ్జార్బర్లు పాతవే ఉంచాను, వాటికీ డబ్బు ఎక్కడిదని. టైరుకీ ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండేది, రెండు వేళ్లకి వచ్చింది. బండి చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. మయూరి జంక్షన్ నుంచి కోట దాకా, గంటస్తంభం చుట్టూ, పెద్ద చెరువు గట్టు పక్కన, ఎక్కడ తిప్పినా ఒరగడం తగ్గినట్టు, బండి చేతికి అతుక్కున్నట్టు అనిపించింది. మోసం ఇక్కడే ఉంది. గట్టిదనం మన ఒంటికి పదునులా తెలుస్తుంది. కుదుపు నడుముకి తగులుతుంటే బండి చురుగ్గా ఉందని మెదడు అనుకుంటుంది. టైరు రోడ్డుని ఎంత పట్టుకుంది అన్నది వేరే సంగతి, ఊళ్లో ముప్పై స్పీడులో అది బయటపడదు.

ఆ మలుపు దగ్గర చప్పుడు ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఐదు రూపాయల నైలాన్ ట్యాగ్ ఒకటి సరిపోయింది, వైర్లు కట్ట కట్టడానికి వాడతారే, అది. ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, టార్చి వేసుకుని, స్ట్రట్ (స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఉండే కాలు లాంటి భాగం) మీదున్న డస్ట్ కవర్ పైకి లేపితే లోపల మెరుస్తూ రాడ్ కనపడుతుంది. ఆ రాడ్‌కి ట్యాగ్ కాస్త బిగువుగా కట్టి, కిందకి, షాకబ్జార్బర్ ఒంటిని తాకేలా జరపాలి. బండి నడుస్తున్నప్పుడు సస్పెన్షన్ నొక్కుకున్న ప్రతిసారీ ఆ ఒళ్లు ట్యాగ్‌ని పైకి నెడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ట్యాగ్ అక్కడే ఉండిపోతుంది. ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిస్తే చాలు, ఆ ప్రయాణంలో సస్పెన్షన్ ఎంత లోతుకి వెళ్లిందో తెలిసిపోతుంది.

ట్యాగ్ కట్టేటప్పుడే ఒక విషయం చూసి కూర్చుండిపోయాను. బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడే షాకబ్జార్బర్ ఒంటికీ పైనున్న బంప్ స్టాప్‌కీ మధ్య సందు 19 మిల్లీమీటర్లు. బంప్ స్టాప్ అంటే రాడ్ పైభాగంలో ఉండే స్పాంజి లాంటి గట్టి ముక్క, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఇనుముకి ఇనుము తగలకుండా ఆఖరి కాపలా అది. నా బండికి అది ప్రతి స్పీడ్ బ్రేకర్ మీదా పని చేస్తోందన్నమాట. మన వైపు ఊరికి రెండు స్పీడ్ బ్రేకర్లు, అవీ ఊరి వాళ్లు సొంతంగా పోసుకున్నవి, ఎత్తుకి కొలత ఉండదు. ఘాట్ మళ్లీ నెమ్మదిగా ఎక్కి దిగి చూస్తే ట్యాగ్ వెళ్లి ఆ స్పాంజిలో కూరుకుపోయి ఉంది.

మలుపులో బరువంతా బయటి చక్రం మీద ఉన్నప్పుడు ఆ చక్రం తాలూకు సస్పెన్షన్ బంప్ స్టాప్‌ని తాకితే, అంతవరకూ మెత్తగా దిగుతున్నది ఒక్కసారి కొయ్యలా అయిపోతుంది. ముందు భాగం ఒరగడానికి దారి లేక మోయాల్సిన బరువంతా ఆ ఒక్క టైరు మీద పడుతుంది, టైరు మోయలేక జారిపోతుంది. ధబ్‌మన్న చప్పుడూ, స్టీరింగ్ తేలిపోవడమూ, ముక్కు బయటికి పోవడమూ ఒకే క్షణంలో జరిగాయి అంటే కారణం ఇదే.

అసలు కిందకి దించితే లాభమెంత? కాగితం మీద లెక్క వేసుకున్నాను. డ్రైవరుతో కలిపి బండి 1200 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి 55 సెంటీమీటర్లు అనుకుందాం, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం దాదాపు 1.46 మీటర్లు. బండి బరువులో సగమంత బలం పక్కకి లాగే మలుపులో, అంటే అర జీలో, లోపలి చక్రాల మీద నుంచి బయటి చక్రాల మీదకి మారే బరువు సుమారు 226 కిలోలు. ఇప్పుడు బండిని 35 మిల్లీమీటర్లు దించండి. అదే మలుపులో 212 కిలోలు. తేడా పద్నాలుగు కిలోలు, ఒక చిన్న గ్యాస్ సిలిండర్ బరువు. ఇక స్ప్రింగు ఎంత గట్టిదైనా ఈ మొత్తం మారదు. ఒరగడం తగ్గితే బరువు మారడం కూడా తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆ మొత్తాన్ని నిర్ణయించేది బరువు, ఎత్తు, వెడల్పు, మలుపులో వేగం. ముందు చక్రాలు ఎంత మోయాలి, వెనక చక్రాలు ఎంత మోయాలి అన్న పంపకాన్ని మాత్రమే స్ప్రింగులూ, ఎడమ కుడి చక్రాలని కలిపి ఒరగడాన్ని అడ్డుకునే స్టెబిలైజర్ బార్లూ మార్చగలవు.

ఆ పద్నాలుగు కిలోల కోసం నేను పోగొట్టుకున్నది చూడండి. పోలోకి ముందున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు రూపొందించాడు, 1950 ప్రాంతంలో ఫోర్డ్ కార్లతో రోడ్డెక్కింది, ఇవాళ మన వీధిలో తిరిగే చిన్న కార్లలో ముప్పాతిక మువ్వీసం దానిమీదే నడుస్తాయి. చవక, చోటు తక్కువ పడుతుంది, బాగా పనిచేస్తుంది. కానీ దాన్ని దించితే ఒప్పుకోదు. కింద ఉండే లోయర్ ఆర్మ్ మామూలుగా బాడీ నుంచి చక్రం వైపు కొంచెం కిందకి వాలి ఉంటుంది. బండి దించితే అది సమాంతరమై, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. మలుపులో బాడీ ఏ ఊహా బిందువు చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు, ఈ ఆర్మ్ వాలు మారేసరికి ఆ బిందువు బాడీ దిగిన దానికంటే ఎక్కువ కిందకి పోతుంది. అంటే బరువు కేంద్రానికీ రోల్ సెంటర్‌కీ మధ్య దూరం తగ్గకపోగా పెరుగుతుంది, మలుపు బలానికి పొడుగాటి మీట దొరికినట్టే. పైడితల్లి అమ్మవారి సిరిమాను చూసిన విజయనగరం వాళ్లకి మీట సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, మాను చివర కదలిక మొదలు దగ్గర ఎంత బలమై వస్తుందో తాడు పట్టినవాళ్లకి తెలుసు. గట్టి స్ప్రింగులు ఆ అదనపు ఒరుగుడుని కప్పిపుచ్చుతాయి, అంతే. పైగా ఆర్మ్ వాలు అలా తిరగబడ్డాక మలుపులో బయటి టైరు నిటారుగా నిలవదు, పై అంచు బయటికి వాలి టైరు భుజం మీద నడుస్తుంది.

పాత షాకబ్జార్బర్ల సంగతి చెప్పలేదు. స్ప్రింగు పని బరువు మోయడం. ఊగకుండా ఆపడం షాకబ్జార్బర్ పని. స్ప్రింగు 30 శాతం గట్టిదైతే, అదే షాకబ్జార్బర్ ఊపుని అణచే శక్తి నిష్పత్తిలో 12 శాతం దాకా పడిపోతుంది. అదీ కొత్తదైతే. నావి 60 వేల కిలోమీటర్లు చూసినవి. గుంత దాటాక చక్రం రోడ్డు మీద ఆనకుండా చిన్నచిన్నగా గెంతుతోంది, గెంతే చక్రానికి పట్టెక్కడిది?

రింగ్ రోడ్డు వైపు ఒక మేస్త్రి గారున్నారు, పెద్దాయన, అంబాసిడర్ల కాలం నుంచి చేస్తున్నారు. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. స్ప్రింగుల వైపు కన్నెత్తి చూడలేదు. బండి జాక్ మీద లేపి, సన్న గునపం లాంటి రాడ్ తీసుకుని లోయర్ ఆర్మ్ వెనక బుష్ (కీలు దగ్గరుండే రబ్బరు ముక్క) దగ్గర పెట్టి మెల్లగా నొక్కారు. రబ్బరు నోరు తెరిచింది. నెలవంక ఆకారంలో చీలిక, వేలి గోరు లోపలికి పోయేంత. "బుష్షు చిరిగిపోనాది బాబూ. ఇదిలాగుంటే నువ్వు ఏ స్ప్రింగేసినా ఒకటే. బ్రేకేస్తే చక్రం ఎనక్కి జరుగుతాది, వదిలితే ముందుకొస్తాది, మరింక బండి తిన్నగా ఎలా ఎల్తాది?"

ఆ బుష్ ఏడాది కిందటే మార్పించాను! వేరే చోట. ఏడాదికే ఎందుకు చిరిగిందంటే, బండి లిఫ్ట్ మీద ఉండగా, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టులు బిగించేశారు. ఇది ప్రతి కారు యజమానీ తెలుసుకోవాల్సిన విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఆ బుష్‌లో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరే మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, రబ్బరుకి అదే విశ్రాంతి స్థితి అవుతుంది. బండి కిందకి దింపగానే అది మెలి తిరిగిపోయి, రాత్రి పగలు ఆ మెలిలోనే ఉండిపోతుంది. గుంతల్లో ఇంకా మెలి పడి త్వరగా చిరుగుతుంది. కాబట్టి చివరి బిగింపు ఎప్పుడూ బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, టార్క్ రెంచ్‌తో. మేస్త్రి గారు చక్రాల కింద మందపాటి చెక్కలు పెట్టి, బండి వాటి మీద దింపి, కిందకి దూరి బిగించారు. మీ గ్యారేజీలో దగ్గరుండి అలాగే చేయించుకోండి, మొహమాటపడొద్దు.

ఆరోజే స్టెబిలైజర్ బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే లింక్ రాడ్లూ, స్ట్రట్ పైనుండే మౌంటు బేరింగులూ మార్చాం. లింక్ రాడ్ చివర వదులుంటే బండి ఒరిగే మొదటి క్షణంలో బార్ పని చేయదు, ఆ వదులు నిండాక పని మొదలుపెడుతుంది. స్టీరింగ్ తిప్పగానే రావాల్సిన స్పందన ఆలస్యమయ్యేది అక్కడ. చాలామంది లావు బార్ కొనడానికి పరుగెడతారు. బార్ గట్టిదనం దాని మందం నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 18 మిల్లీమీటర్ల బార్ తీసి 20 వేస్తే ఒకటిన్నర రెట్లు గట్టిపడుతుంది, చిన్న సంగతేం కాదు. కానీ వదులైన లింక్ రాడ్‌తో ఆ లావు బార్ ఎందుకు?

కంపెనీ స్ప్రింగులు అటక మీదే ఉన్నాయి, దింపి తిరిగి వేయించాను. అందులో బాధపడాల్సింది ఏమీ లేదని లోటస్ ఎలాన్ గురించి చదివాక అర్థమైంది. 1962లో వచ్చిన కారు, కాలిన్ చాప్‌మన్ కంపెనీది, ఏడు వందల కిలోలు కూడా ఉండదు. ఇప్పటికీ మలుపుల్లో అద్భుతంగా తిరిగే కార్ల మాట వస్తే దాని పేరు చెప్తారు. దాని స్ప్రింగులు మెత్తనివి, చక్రాలకి పైకీ కిందకీ కదిలే చోటు ఎక్కువ, ఆ కదలికని అదుపులో పెట్టేది షాకబ్జార్బర్. 1989లో మజ్దా ఎంఎక్స్-5 చేసినవాళ్లు కూడా అలాంటి తేలికపాటి బండ్ల దారినే పట్టారు, నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లతో పట్టే ఏర్పాటు) పెట్టారు. ఇంగ్లండు పల్లెటూరి రోడ్ల కోసం చాప్‌మన్ చేసింది మన ఎస్.కోట రోడ్డుకి ఇంకా ఎక్కువ సరిపోతుందని నా నమ్మకం.

షాకబ్జార్బర్ల మీద మాత్రం ఖర్చుకి వెనకాడలేదు. నాలుగూ కలిపి నా రెండు నెలల జీతం, నెలన్నర ఎదురుచూపు. తీసుకున్నవి బిల్‌స్టీన్ బీ6, మామూలు ఎత్తు స్ప్రింగులకి చేసినవి, బండి దించినవాళ్లకైతే బీ8 అని పొట్టి రకం వేరే ఉంది. కొనేముందు ఈ తేడా కచ్చితంగా చూసుకోండి. లోపల ఒకే గొట్టం ఉంటుంది, ఆయిల్‌నీ గ్యాస్‌నీ ఒక పిస్టన్ విడిగా ఉంచుతుంది, ఘాట్‌లో ఎంతసేపు కొట్టుకున్నా ఆయిల్ నురగ కట్టి బలం తగ్గదు. మొదటి రోజు వీటితో ఊరు దాటి వెళ్తుంటే నాకు కలిగిన ఆశ్చర్యం మాటల్లో పెట్టలేను. స్ప్రింగులు మెత్తనివే, బండి మాత్రం గుంత దాటాక ఒక్కసారి లేచి అక్కడే ఆగిపోతోంది, రెండో ఊపు లేదు. స్టీరింగ్ తిప్పగానే బాడీ ఒరుగుతుంది, కానీ తొందరపడకుండా ఒరిగి, ఒకచోట నిలుస్తుంది, ఆ నిలిచిన చోటి నుంచి టైరు ఏం చేస్తోందో చేతికి తెలుస్తుంది.

రీబౌండ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే బిగువు మార్చుకునే వీలున్న షాకబ్జార్బర్లు కొన్నవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. రీబౌండ్ అంటే నొక్కుకున్న సస్పెన్షన్ తిరిగి సాగేటప్పుడు ఎదురయ్యే అడ్డు. అది పెంచితే బండి నిదానంగా, గంభీరంగా అనిపిస్తుంది, దాంతో ఇంకా ఇంకా బిగిస్తారు. మరీ బిగిస్తే వరుస గుంతల్లో చక్రం తిరిగి సాగేలోపే రెండో గుంత వచ్చేస్తుంది. ప్రతి గుంతకీ బండి కొంచెం కొంచెం కిందకి కూర్చుంటూ పోయి చివరికి బంప్ స్టాప్ మీదే నడుస్తుంది. సాలూరు రోడ్డు లాంటి చోట ఇది తప్పకుండా జరుగుతుంది. అన్నిటికన్నా తక్కువ నుంచి మొదలుపెట్టి, ఊగడం ఆగిన చోట ఆపండి.

ఇక అలైన్‌మెంట్. డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. నేను మొదట చేయించిన చోట తెర చూపించి "అంతా గ్రీన్‌లోనే ఉంది సార్" అన్నారు. ప్రింటు అడిగి ఇంటికి తెచ్చుకుని చూశాను. ముందు ఎడమ క్యాంబర్ (చక్రం నిటారు నుంచి ఎంత వాలిందో చెప్పే కొలత, మైనస్ అంటే పై అంచు లోపలికి) మైనస్ 50 నిమిషాలు, కుడి మైనస్ 10 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు). టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక పక్క లోపలికి 14 నిమిషాలు, ఇంకో పక్క బయటికి 6. అన్నీ పచ్చగానే ఉన్నాయి, కానీ ఈ బండి ఎడమకి తిరిగినట్టు కుడికి ఎలా తిరుగుతుంది? పచ్చ రంగు అంటే కంపెనీ ఒప్పుకునే హద్దుల్లో ఉందని మాత్రమే, ఆ హద్దులు వెడల్పుగా ఉంటాయి. ఆదరాబాదరా లేని ఒక వారం మధ్య రోజున వెళ్లి, డ్రైవరు సీట్లో నా బరువుకి సరిపడా బియ్యం బస్తాలు పెట్టించి, సబ్‌ఫ్రేమ్ (ముందు సస్పెన్షన్‌ని మోసే చట్రం) బోల్టులు వదులు చేయించి దాన్ని కాస్త పక్కకి జరిపించాను. ఒక పక్క తగ్గినంత రెండో పక్క పెరుగుతుంది కాబట్టి రెండూ మైనస్ 30 నిమిషాల దగ్గర కలిశాయి. గంటన్నర పట్టింది. ఆ కుర్రాడు విసుక్కోకుండా చేశాడు, వాడి చేతిలో అదనంగా కొంత పెట్టాను, మనసారా.

ముందు టో విషయంలో రెండు రకాలు చూశాను. ఒక్కో చక్రం 5 నిమిషాలు బయటికి పెడితే ఘాట్‌లో ముక్కు ఎంత చురుగ్గా తిరిగిందో! కానీ శ్రీకాకుళం వెళ్లే హైవే మీద లారీ చక్రాలు పడి గాడి ఏర్పడిన చోట బండి తిన్నగా ఉండక అటూ ఇటూ వెతుక్కుంటుంది, గంటసేపు చేతులు లాగేశాయి. పైగా టైరు లోపలి అంచు అరిగిపోతుంది. సున్నా దగ్గర పెట్టాను, ఇప్పుడు అక్కడే ఉంది. చిన్న అంకెలే కదా అనుకోకండి, 10 నిమిషాల టో అంటే టైరు ముందు అంచుకీ వెనక అంచుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువ, ఆ తేడా చేతికి తెలుస్తుంది. వెనక పోలోకి రెండు చక్రాలనీ కలిపే ఒకే బీమ్ కాబట్టి మామూలుగా మార్చడానికి ఏమీ ఉండదు. కంపెనీ పెట్టిన కాస్త టో-ఇన్ అలాగే ఉండనివ్వడం మంచిది, తడి రోడ్డు మీద బండి వెనక భాగాన్ని నిలబెట్టేది అదే.

చక్రాల బరువు గురించి ఎవరూ అడగరు. మా తెలిసినవాళ్ల రైస్ మిల్లులో ధాన్యం కాటా మీద రెండు చక్రాలు తూచాను. నా 15 అంగుళాల కంపెనీ చక్రం టైరుతో సహా 16 కిలోల చిల్లర, స్నేహితుడు అందం కోసం కొన్న 17 అంగుళాలది 20 కిలోలు దాటింది. మూలకి నాలుగు కిలోలు, అదీ స్ప్రింగు కింద, రోడ్డుతో పాటు ఎగిరే బరువు. ఆ బరువుని అదుపు చేయడానికి షాకబ్జార్బర్ ఎంత కష్టపడాలో ఆలోచించండి. నేను 15 అంగుళాలతోనే ఉన్నాను, మంచి టైర్లకి ఆ డబ్బు పెట్టాను.

టైర్ల గాలికి సుద్దముక్క వాడండి. టైరు నడిచే భాగం అంచు నుంచి పక్క గోడ మీదకి నాలుగైదు చోట్ల అడ్డంగా సుద్ద గీతలు గీసి, ఘాట్ ఎక్కి దిగి చూడండి. గీత ఎంతవరకు చెరిగిందో టైరు అంతవరకు మడత పడిందన్నమాట. పక్క గోడ మీద దాకా చెరిగితే గాలి తక్కువ. మొదలుపెట్టేది ఎప్పుడూ పెట్రోల్ మూత లోపలున్న కంపెనీ స్టిక్కర్ అంకెల నుంచే, పొద్దున్న టైరు చల్లగా ఉన్నప్పుడు, సొంత గేజ్‌తో. ఒకసారికి ఒకటి రెండు పాయింట్లకి మించి మార్చకండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. ఎత్తు మార్చని, అదే చోట అదే పని చేసే భాగాలతో సరిపెట్టుకోవడానికి నాకు అదీ ఒక కారణం. ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం వేశానో రాతపూర్వకంగా చెప్పాను. ఇక ఘాట్ రోడ్డు రేసు ట్రాక్ కాదు. అక్కడ గిరిజన ఊళ్లున్నాయి, సంతకి నడిచి వెళ్లేవాళ్లున్నారు, మేకలున్నాయి, కోతల కాలంలో కింద పల్లెల్లో రోడ్డు మీద చోళ్లు (రాగులు) ఆరబోస్తారు, వాటి మీద ఏ సస్పెన్షన్ అయినా జారుతుంది. బండి హద్దు ఎక్కడుందో చూడాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే అయినా వెళ్లండి. నేను ఘాట్‌లో కొలిచేవన్నీ మామూలు వేగంలోనే. సస్పెన్షన్ బాగుందో లేదో నలభైలోనే తెలిసిపోతుందని ఆ మలుపే నాకు నేర్పింది.

ఈ కార్తీకంలో మళ్లీ వెళ్లాను, మా బావనీ ఎక్కించుకుని. తెల్లారుజామున వాన పడి ఆగింది, డముకు దగ్గర మంచు. అదే మలుపు, అదే నలభై ఐదు, కుడి చక్రం అదే కుంగులోకి దిగింది. ఒక మెత్తటి 'దుబ్', దిండు మీద చేత్తో కొట్టినట్టు, ముక్కు గీత లోపలే ఉంది. బావ ఫోన్ చూసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. అనంతగిరిలో కాఫీ తోటల పక్కన బండి ఆపి, చక్రం పక్కకి తిప్పి, టార్చి వేసి, డస్ట్ కవర్ లేపి స్కేలు పెట్టాను. ట్యాగ్ బంప్ స్టాప్‌కి 14 మిల్లీమీటర్లు కిందే ఆగి ఉంది.